ఇంటెనకాల ఒక గది: కోలారు బంగారు గనుల్లో ఎవరి నేల, ఎవరి అనుమతి?

పోయిన సంక్రాంతికి రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంట్లో అందరం కలిసినప్పుడు ఒక మాట వచ్చింది. పెద్దమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. పెద్దనాయన పోయినప్పట్నుంచి చాంపియన్ రీఫ్ దగ్గర లైన్లో ఒంటరిగా ఉంటోంది. మా ఇంటి వెనకాల నాయన ఎప్పుడో కట్టించిన గది ఒకటి ఉంది. దాన్ని కొంచెం పెద్దది చేసి, వంటకు ఒక మూల, ఒక బాత్‌రూము పెట్టి, పెద్దమ్మను అక్కడికి తెచ్చుకుందామని అమ్మ అంది. అందరూ సరేనన్నారు. పెద్దమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

"నేను రాను నాయనా. నేనీ ఇల్లు వదిలేసి వస్తే, రేపు ఇండ్లు రాసిచ్చేటప్పుడు లోపల ఎవరుండారని అడుగుతారు. తాళం ఉండాది అని చెప్తారా?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. పెద్దనాయన, నాయన ఒకే అమ్మ కడుపున పుట్టిన అన్నదమ్ములు. ఇద్దరూ ఇంటి వెనకాల ఒక్కో గది కట్టుకున్నారు. ఒకటి కంపెనీ నేల మీద, ఒకటి సొంత సైటు మీద. ఆ రెండు గదుల వెనక ఉన్నది నూటిరవై ఏళ్ళ చరిత్ర. బయట ఊళ్ళలో స్థిరపడిన మన పిల్లలకు అది తెలియాలని ఇది రాస్తున్నాను.

తట్టి గుడిసెల కాలం

1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ అనే బ్రిటిష్ సైన్యపు ఆఫీసరు మైసూరు సరిహద్దు సర్వే కోసం ఈ వైపు వచ్చాడు. ఉరిగాం, మారికుప్పం ఊళ్ళలో జనం మట్టి కడిగి బంగారు రవ్వలు తీయడం చూసి రాసిపెట్టుకున్నాడు. అంటే దొరలు రాకముందే ఇక్కడి రైతుకు తన కాళ్ళ కింద ఏముందో తెలుసు. 1870ల్లో మైకేల్ లావెల్ అనే మాజీ సిపాయి మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకాల హక్కు తీసుకున్నాడు. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ చేతికి పని వచ్చింది. ఆ తర్వాత మైసూరు మైన్, చాంపియన్ రీఫ్, ఉరిగాం, నందిదుర్గ, బాలఘాట్ గనులు ఒకదాని పక్కన ఒకటి లేచాయి.

ఇక్కడ గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. నేల మైసూరు ప్రభుత్వానిది. కంపెనీకి ఉన్నది లీజు. ప్రభుత్వానికి రాయల్టీ కట్టి, నేల లోపలి బంగారం తీసుకునే హక్కుతో పాటు పైన షాఫ్టులు, మిల్లులు, బంగళాలు, కూలీల ఇళ్ళు కట్టుకునే హక్కూ కంపెనీది. కూలివాడి చేతిలో ఏ కాగితమూ లేదు. వాడికి ఉన్నది పని ఒక్కటే. పని ఉన్నన్నాళ్ళు గుడిసె. పని పోతే గుడిసె కూడా పోతుంది.

పని కోసం వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, సేలం వైపు తమిళులు. మనవాళ్ళు చిత్తూరు వైపు నుంచి, కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం ఊళ్ళ నుంచి వచ్చారు. మేస్త్రీలు, కంట్రాక్టర్లు ఊరూరా తిరిగి మనుషుల్ని తెచ్చేవాళ్ళు. మా తాత పలమనేరు దాటి అట్ల వచ్చినవాడే. మొదటి ఇళ్ళు వెదురు తట్టీలు, పైన గడ్డి కప్పు. 'తట్టి గుడిసె' అన్న మాట మా అవ్వ నోట కడదాకా ఉండింది. పక్కా గోడల ఇంట్లోకి మారిన తర్వాత కూడా ఇంటిని "తట్టి" అనే పిలిచేది.

తట్టి గుడిసెకు ఒక సుఖం ఉంది. కొడుక్కి పెళ్ళయితే వెనకాల ఇంకో రెండు తట్టీలు నిలబెట్టి, పాత గోనెసంచి ఒకటి వేలాడదీస్తే గది. దానికి ప్లాను లేదు, ఇంజనీరు లేడు. కానీ అడగాల్సిన మనిషి అంటూ ఎప్పుడూ ఒకడు ఉండేవాడు. అతను లైను చూసుకునే మేస్త్రీ కావచ్చు, కంపెనీ కాపలాదారు కావచ్చు. గనుల్లో బంగారు దొంగతనం ఎప్పుడూ ఉన్న భయం. 1897లోనే మైసూరు సంస్థానం దాని కోసం చట్టం చేసింది. లైన్లలో వాచ్ అండ్ వార్డ్ వాళ్ళు, చాలావరకు పంజాబ్ నుంచి తెచ్చిన మనుషులు, ఇళ్ళు సోదా చేసేవాళ్ళు. అట్లాంటి చోట వెనకాల చాటుగా ఒక గది లేస్తే దాన్ని కాపురం కోసం కట్టిన గదిగా మాత్రమే ఎవరు చూస్తారు? కొత్తగా నాలుగు తట్టీలు కట్టడమంటే ముందుగా అనుమానం తీర్చుకోవడం.

ఇంటికి, పనికి, కాపలాకు ఉన్న ఈ ముడిని కార్మికులు ఊరికే ఒప్పుకోలేదు. 1930లో వేలిముద్రలు తీసుకుని కూలీలను రిజిస్టరు చేయాలని యాజమాన్యం తెచ్చిన పద్ధతికి ఎదురు తిరిగి ఇరవై ఒక్క రోజులు సమ్మె చేశారు. చదువు రాకపోయినా రిజిస్టరులో పేరు పడడం అంటే ఏమిటో, దాని అధికారం ఎవరి చేతికి పోతుందో వాళ్ళకు బాగా తెలుసు.

ఒకే ఊరు, రెండు రకాల నేల

1894లో బౌరింగ్‌పేట నుంచి మారికుప్పానికి రైలు వచ్చింది. ఆ బౌరింగ్‌పేటే ఇప్పటి బంగారపేట. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. కావేరి నీళ్ళతో పుట్టిన కరెంటు దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద నడిచి గనులకు చేరింది. బెంగళూరు వీధులకంటే ముందు ఇక్కడ దీపాలు వెలిగాయని మన పెద్దలు చెప్పుకునేది గొప్ప కోసం కాదు, నిజమే. బేతమంగళం చెరువు నుంచి నీళ్ళు వచ్చాయి. ఆ వెలుగులు, ఆ నీళ్ళు మొదట పోయింది మిల్లులకు, దొరల బంగళాలకు. లైన్లకు వీధి కుళాయి.

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి గనుల్లో దాదాపు ముప్పై వేల మంది పని చేస్తున్నారు. వాళ్ళను నమ్ముకుని అంగళ్ళవాళ్ళు, కంసాలులు, దర్జీలు, పాలవాళ్ళు, వడ్డీవ్యాపారులు వచ్చారు. వీళ్ళందరినీ కంపెనీ నేలలో ఉంచే వీల్లేదు. ఇరుకు, మురికి, ప్లేగు భయం కూడా ఉండె. అందుకని గనుల అంచున చదరపు వీధులతో కొత్త పేట వేశారు. మైసూరు రెసిడెంటుగా ఉన్న సర్ డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరుతో అది రాబర్ట్‌సన్‌పేట అయింది. పక్కన ఆండర్సన్‌పేట. ఈ పేటలను శానిటరీ బోర్డు చూసుకునేది. తర్వాత అది మునిసిపాలిటీ అయింది.

అప్పట్నుంచి కేజీఎఫ్‌లో రెండు రకాల నేల ఉంది. బయటివాళ్ళకు ఇది అర్థం కాదు. రాబర్ట్‌సన్‌పేటలో సైటు కొంటే సేల్ డీడ్ ఉంటుంది, ఖాతా ఉంటుంది, పన్ను రసీదు ఉంటుంది. అరమైలు నడిచి మైన్స్ ఏరియాలోకి పోతే ఇంటికి నంబరు ఉంటుంది, లైనుకు పేరు ఉంటుంది, కానీ ఆ ఇంట్లో ఉన్నవాడి పేరు మీద నేల ఉండదు. పేటలో గది కట్టాలంటే బోర్డును అడగాలి. లైన్లో గది కట్టాలంటే కంపెనీని అడగాలి. పేటలో అడిగేవాడు ఇంటి యజమాని. లైన్లో అడిగేవాడు పనివాడు. ఆ రెండు అడగడాలకూ చాలా తేడా ఉంది.

పెద్దనాయన గది

కాలం గడిచేకొద్దీ తట్టీలు పోయి ఇటుక, రాయి గోడలు వచ్చాయి. వరుసగా ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ళు. ముందర చిన్న వసారా, లోపల ఒక గది, ఒక వంటిల్లు. కుళాయి, దొడ్డి అందరికీ ఉమ్మడి. మనవాళ్ళు వీటిని 'కాటరసు' అంటారు, లైను అంటారు.

1956లో మైసూరు రాష్ట్ర ప్రభుత్వం గనులను తన చేతిలోకి తీసుకుంది. 1962 చివర్లో కేంద్రం తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయింది. ప్రతి మార్పులోనూ ఆఫీసు బోర్డు మారింది, ఇంటి నంబరు మారలేదు. దొర పోయి సర్కారు వచ్చింది, అంటే ఇల్లు ఇంక మనదే అని చాలామంది మనసులో అనుకున్నారు. కాగితం మీద మాత్రం జీతం నుంచి ఇంటి బాపతు పట్టుకున్నంత కాలం అది కంపెనీ ఇల్లే.

పెద్దనాయన చాంపియన్ రీఫ్‌లో అండర్‌గ్రౌండ్ పని చేసేవాడు. అక్కడి గిఫర్డ్ షాఫ్టు, ఆ లోతులు, ఆ వేడి వేరే కథ. మూడు కిలోమీటర్లు దాటిన లోతులో రాయి ఒత్తిడికి పగిలేది. రాక్‌బరస్టు అంటారు. కింద పగిలితే పైన ఇళ్ళు ఊగేవి, గిన్నెలు దొర్లేవి, గోడలు చీలేవి. గట్టి రాక్‌బరస్టుల్లో పైన కట్టడాలు దెబ్బతిన్న రోజులూ ఉన్నాయి. అందుకే లైన్లో వెనకాల గది కట్టేవాళ్ళు దాన్ని అసలు గోడకు కలిపి కట్టకూడదని, పైకప్పు బరువుగా వేయకూడదని చెప్పుకునేవాళ్ళు. ఇది ఏ రూలు పుస్తకంలోనిదీ కాదు. అనుభవం నేర్పిన బిల్డింగ్ బైలా.

మా అక్క పుట్టిన ఏడాది పెద్దనాయన వెనకాల గది వేశాడు. మట్టితో ఇటుక గోడ, పైన రేకు. ఎవర్ని అడిగినాడో మాకు తెలియదు. లైనంతా అట్లనే కట్టుకున్నారు. ఒకరి గది చూసి ఇంకొకరు. ఇంటికి ఇద్దరు ముగ్గురు కొడుకులు ఉన్నచోట వెనకాల గది లేకపోతే కాపురం సాగదు. ఆ గదిలోనే పెద్దనాయన పిల్లలు చదువుకున్నారు, ఆ గదిలోనే తాత చివరి రోజులు గడిచాయి. అది ఏ కాగితంలోనూ లేదు.

2001 ఫిబ్రవరి 28తో గనులు మూతపడ్డాయి. నూటిరవై ఏళ్ళలో సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చిన చోట ఒక రోజు సైరన్ ఆగింది. పని పోతే ఇల్లు పోతుందన్న పాత నియమం అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. కానీ వేల కుటుంబాలు ఎక్కడికి పోతాయి? పోలేదు. చివరి ప్యాకేజీ తీసుకున్న కార్మికులకు వాళ్ళు ఉంటున్న ఇళ్ళు ఇస్తామన్న మాట అప్పట్నుంచి నలుగుతూనే ఉంది. గనుల ఆస్తులు ఏం చేయాలన్న దాని మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచింది. 2013 జూలైలో సుప్రీంకోర్టు గ్లోబల్ టెండరుకు దారి ఇచ్చింది. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం పదమూడు సైనైడ్ దిబ్బల్లో, అంటే వెయ్యి ఎకరాలకు పైగా నేలలో, మిగిలిన బంగారం తీసే కేంద్ర ప్రతిపాదనకు ఒప్పుకుంది. దిబ్బల లెక్క తేలుతోంది. లైన్లలో చాలామంది చేతికి మాత్రం ఇంటి హక్కు పత్రం రాలేదు.

మన పిల్లలు రోజూ తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి ఆ లైన్లకే తిరిగి వస్తున్నారు. బాత్‌రూములు కట్టుకున్నారు, టైల్సు వేసుకున్నారు, వెనకాల గదులు పెంచుకున్నారు. నేల మాత్రం వాళ్ళది కాదు. కాగితం లేనిచోట ఇంట్లో మనిషి ఉండడమే కాగితం. పెద్దమ్మ కదలనన్నది అందుకే.

నాయన గది

మా నాయన గనుల్లోకి దిగలేదు. 1964లో మొదలైన బెమెల్ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టినాక అందులో చేరాడు. 1978లో రాబర్ట్‌సన్‌పేటలో ముప్పై నలభై సైటు కొన్నాడు. "అన్నా, నీ ఇల్లు కంపెనీది, నాది నాది" అని ఎగతాళి చేసేవాడంట. పెద్దనాయన నవ్వి ఊరుకునేవాడు.

ఇల్లు ప్లాను వేయించి, మునిసిపాలిటీలో అనుమతి తీసుకునే కట్టాడు. వెనకాల కాంపౌండు గోడకు ఆనించి గది మాత్రం తర్వాత వేశాడు. దానికి ఎవర్నీ అడగలేదు. "మన నేలలో మనం కట్టుకునేదానికి ఏం అనుమతి?" అన్నాడు. ఆ గదిలో మేము పెరిగాం, అద్దెకు కూడా ఇచ్చాం.

సంక్రాంతి తర్వాత నేను కాగితాలు తీసి చూస్తే తెలిసింది: మా గది కూడా ప్లానులో లేదు. పన్ను లెక్కలో కూడా లేదు. పెద్దనాయనకు నేల లేదు, గది ఉంది. నాయనకు నేల ఉంది, గది ఉంది, కానీ రికార్డులో గది లేదు. నలభై ఏళ్ళు ఎగతాళి చేసుకున్న అన్నదమ్ములిద్దరి గదులూ రికార్డుల్లో ఒకటే. తప్పు ఎవరిదీ కాదు, మాదే.

ఇప్పుడు ఏం కావాలి?

మన ఇళ్ళల్లో చాలామందికి ఇట్లాంటి వెనకాల గది ఉంటుంది కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను.

మన చట్టాల్లో 'పెరటి ఇల్లు' అని వేరే రకం లేదు. ముందర ఇల్లయినా, వెనకాల గదయినా, పైన మేడయినా ఒకే సైటు మీది కట్టడం. ఎంత నేల కప్పారు, అన్ని అంతస్తులూ కలిపి ఎంత వైశాల్యం, నాలుగు వైపులా ఎంత ఖాళీ వదిలారు అన్నదే లెక్క. అందుకే గోడకు ఆనించి కట్టిన గది ఇరుకున పడుతుంది. వెనక ఖాళీ వదలలేదు కాబట్టి. మా ఇంజనీరు చూడగానే అన్నది ఇదే: "వెనక గది పెంచడం కుదరదు సార్. దాన్ని తీసేసి, ఆ వైశాల్యం మేడ మీద వేసుకోండి." మేడ మీద పెద్దమ్మ ఎక్కగలదా? అక్కడ చిక్కు పడింది. చివరికి ముందర ఉన్న ఒక గదినే వేరు చేసి, పక్క నుంచి వాకిలి పెట్టి, ఆమెకు కింద ఇల్లు, మేము వెనక గదికి బదులు మేడ అని ప్లాను మారింది.

కర్ణాటకలో పట్టణాలకు 1964 మునిసిపాలిటీల చట్టం వర్తిస్తుంది. దానికింద అనుమతికి అడిగేవి: సేల్ డీడ్, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఈ ఏడాది దాకా పన్ను రసీదు, ఖాతా, రిజిస్టరయిన ఇంజనీరు వేసిన ప్లాను. ఇప్పుడు ఖాతా అంటే ఈ-ఖాతా. 2024 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషనుకు కూడా అదే అడుగుతున్నారు. ఒక్క మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి: ఖాతా అంటే పన్ను ఎవరి పేరు మీద కడుతున్నారన్న లెక్క. అది ఉంటే నేల మీ సొంతం అయిపోయినట్టు కాదు. సేల్ డీడ్, దాని ముందరి డీడ్లు జాగ్రత్తగా పెట్టుకోండి. తండ్రి పేరు మీద ఉన్న ఖాతాను పిల్లల పేర్లకు మార్చుకోకుండా ఉంచేస్తే అనుమతి అడిగే రోజు ఆగిపోతారు. బయట దేశాల్లో ఉన్న తోబుట్టువుల సంతకాలు కావాలంటే నెలలు పడుతుంది. మా ఇంట్లో అసలు ఆలస్యం అయింది అక్కడే.

మన వాళ్ళ ఊళ్ళు, ముళబాగిలు వైపో, శ్రీనివాసపురం వైపో అయితే పంచాయతీ. అక్కడ 2013 నుంచి ఈ-స్వత్తు అని కంప్యూటరు పద్ధతి వచ్చింది. గ్రామఠాణాలోని ఇంటికైనా, భూపరివర్తన అయిన సైటుకైనా ఫారం 9, 11ఏ వస్తాయి. మిగతావాటికి 11బి. పొలంలో ఇల్లు కట్టుకుని, "ఊరందరికీ తెలుసు ఇది మాదని" అన్న ధైర్యంతో ఉన్నవాళ్ళు చాలామంది ఇక్కడ ఆగిపోతున్నారు. సర్కారు నేలలో ఎప్పట్నుంచో ఇల్లు కట్టుకున్న పేదలకు భూ రెవెన్యూ చట్టంలో 94సి, పట్టణాల్లో 94సిసి కింద హక్కు పత్రం అడిగే దారి ఒకటి ఉంది. లైన్ల నేల మాత్రం కేంద్ర కంపెనీ చేతిలోది, దాని సంగతి వేరు.

ఇక ముందే కట్టేసినవాళ్ళు. అక్రమ-సక్రమ వస్తుంది, ఫైను కట్టి సరిచేసుకోవచ్చు అని ఇరవై ఏళ్ళుగా వింటున్నాం. ఆ పథకం మీద 2017 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. దాన్ని నమ్ముకుని కొత్తగా కట్టడం తెలివి కాదు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని కట్టడాలకు కరెంటు, నీళ్ళు లాంటి కనెక్షన్లు ఇవ్వొద్దని. దాని తర్వాత కర్ణాటకలో కొత్త మీటర్లు చాలా చోట్ల ఆగాయి. 1,200 చదరపు అడుగుల దాకా ఉన్న చిన్న సైట్లకు ప్రభుత్వం సడలింపులు తెచ్చింది. మీ ఊళ్ళో ఎట్లుందో మునిసిపాలిటీలో అడిగే పని మొదలుపెట్టండి. ఇదెందుకు ముఖ్యమంటే, వెనకాల గది 'ఇల్లు' అయ్యేది రెండో మీటరు పెట్టిన రోజే. పాతకాలంలో పక్కింటి నుంచి తీగ లాగినట్టు ఇప్పుడు కాదు.

వేరే చోట్ల ఎట్ల?

కాలిఫోర్నియాలో ఉన్న మా చిన్నాయన కొడుకు వాళ్ళ అత్తమామల కోసం పెరట్లో చిన్న ఇల్లు కట్టించాడు. అక్కడ దాన్ని ఏడీయూ అంటారు. అక్కడ కూడా ఇది సులువుగా రాలేదు. దశాబ్దాల పాటు ఊరి మునిసిపాలిటీలు, ఇరుగుపొరుగు అభ్యంతరాలు ఆపేవి. ఇళ్ళ కొరత ముదిరి రాష్ట్రమే 2017 నుంచి చట్టాలు మార్చింది. 2020 నుంచి రూల్సుకు తగ్గట్టు ఉన్న దరఖాస్తును అరవై రోజుల్లో తేల్చాలి, పబ్లిక్ హియరింగ్ పెట్టి సాగదీయకూడదు. వెనక, పక్కల నాలుగు అడుగులు వదిలితే చాలు. 800 చదరపు అడుగుల దాకా చిన్న ఇంటిని ఊరి కవరేజి లెక్కలు చూపి ఆపకూడదు.

మన తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ వచ్చింది. 75 చదరపు గజాల లోపు సైటులో ఒక అంతస్తు మేడ దాకా కట్టుకునేవాడికి అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టరు చేసుకుంటే చాలు. అంతకంటే పెద్ద ఇళ్ళకు సొంత ధ్రువీకరణ మీదనే అనుమతి.

ఇవి రెండూ చదివినప్పుడు మంచి పద్ధతులే అనిపించింది. కానీ రెండూ ఒక్కదాన్ని ముందే ఒప్పుకుని మొదలవుతాయి: నేల అడిగేవాడిది అని. అరవై రోజులయినా, ఒక్క రూపాయి అయినా, ఆ తర్వాతి సంగతి. మన లైన్లలో ఆ మొదటి మెట్టే లేదు. నూటిరవై ఏళ్ళుగా అక్కడ జనం గది గురించి అడగలేదు. నేల ఎవరిదని అడుగుతున్నారు. గది దానికదే లేచింది, ఎందుకంటే పిల్లలు పుట్టడం కాగితం కోసం ఆగదు.

చివరగా

మా ప్లాను ఇప్పుడు మునిసిపాలిటీలో ఉంది. పాత గది కొట్టేసే ముందు రోజు నాయన దాంట్లో కూర్చుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. గోడకు ఉన్న ఒక కొయ్య మేకు మాత్రం తీసుకున్నాడు. తాత పలమనేరు నుంచి వచ్చినప్పుడు తట్టి గుడిసెలో చొక్కా తగిలించుకున్న మేకు అదేనంట. అక్కణ్నుంచి లైను ఇంటికి, లైను నుంచి ఇక్కడికి వచ్చింది.

పెద్దమ్మతో ఒక ఒప్పందం కుదిరింది. కింద ఇల్లు సిద్ధమయినాక వారంలో నాలుగు రాత్రులు ఇక్కడ, మూడు రాత్రులు లైన్లో. పెద్దనాయన పని కార్డు, ప్యాకేజీ కాగితాలు, కరెంటు బిల్లులు, రేషను కార్డు అన్నీ ఒక కవరులో పెట్టి మూడు కాపీలు తీయించాం. ఒకటి మా ఇంట్లో, ఒకటి అక్క దగ్గర, ఒకటి ఆమె పెట్టెలో. లైన్లలో మీ వాళ్ళెవరైనా ఉంటే ఈ పని ఇవాళే చేయండి. కాగితం ఇచ్చే రోజు వచ్చినప్పుడు చూపడానికి మన దగ్గర కూడా కాగితం ఉండాలి.

"ఆ ఇల్లు నా పేరు మీదికి వస్తుందా?" అని మొన్న పెద్దమ్మను అడిగితే నవ్వింది.

"నా పేరు మీదికి రాకపోతే నీ అక్క పేరు మీదికి వస్తుందిలే. నేను తాళం వేయను, అంతే. రావాలన్నప్పుడు వస్తుంది."

ఆమె కొత్త ఇంటికి రెండు తాళంచెవులు చేయించాం. లైను ఇంటి తాళంచెవి మాత్రం ఆమె కొంగుకే ఉంది.